నేనుంటే తేజ, పోతే కిరణ్ పాల్

ఆ శనివారం పొద్దున ఖాజాగూడ మీద ఆకాశం పిండకుండా ఆరేసిన పంచెలా వేలాడుతోంది. కురుస్తానని అనదు, కురవనని అనదు. గుట్టల వెనక అద్దాల టవర్లు నడుము దాకా మబ్బులో మునిగి, పై అంతస్తులవాళ్లకు సెలవిచ్చినట్టున్నాయి. చచ్చిపోవడానికి అనువైన వాతావరణం అనుకున్నాను. ఆ రోజు నా చావు పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా ఉంది.

కంగారు పడకండి. చచ్చి, తిరిగి వచ్చి, భోంచేశాకే ఇది రాస్తున్నాను.

నేను చెప్పేది ఒక్కటే. మనిషి సుఖంగా బతకాలంటే రెండు కాగితాలు చాలు. మొదటిది, తాను ఉండగానే తన బదులు ఇంకొకరు అన్ని పనులూ చేయడానికి. దాని పేరు పవర్ ఆఫ్ అటార్నీ. రెండోది, తాను పోయాక తన మాట ప్రకారం ఇంకొకరు అన్నీ చక్కబెట్టడానికి. దాని పేరు వీలునామా. ఆ చక్కబెట్టే ఆసామిని ఎగ్జిక్యూటర్ అంటారు. ఈ రెండు కాగితాలూ రాసేసిన మనిషికి ఇక మిగిలే పనేమిటి? ఏమీ లేదు! ఇంతకు మించిన వరం ఏ దేవుడిచ్చాడు?

నమ్మరా? సైబరాబాద్ మొత్తం ఇప్పటికే మొదటి కాగితం మీదే నడుస్తోంది. సంతకాలు లేవు, అంతే తేడా.

నల్లగండ్లలో మా మేనల్లుడు తేజ ఉండే అపార్ట్‌మెంటుకు అప్పుడప్పుడు పోతుంటాను. గేటు దగ్గర బల్ల మీద కూర్చుంటాను. నేను మాట్లాడను కాబట్టి నాకు చాలా కనిపిస్తాయి. అక్కడ కుక్కల్ని నడిపించడానికి ఒక మనిషి వస్తాడు. ఒక్కసారే ఐదు కుక్కలు. ఆ ఐదింటి యజమానులూ సరిగ్గా అదే సమయానికి అద్దం అవతల జిమ్ములో నడుస్తుంటారు, ఎక్కడికీ పోని బెల్టు మీద! కుక్కలు ఆగి లోపలికి చూస్తాయి. వాటి ముఖంలో జాలి నేను కళ్లారా చూశాను.

అక్కడి అసోసియేషన్ మీటింగుకు ఒకాయన తీరిక లేక తన డ్రైవరును పంపాడు. అది చూసి ఇంకొకాయన తన డ్రైవరును పంపాడు. చివరికి పదకొండు మంది డ్రైవర్లూ ఇద్దరు వంటమనుషులూ కూర్చుని క్లబ్‌హౌసుకు ఏ రంగు వేయాలో ఇరవై నిమిషాల్లో తేల్చేశారు. మంచి రంగే వేశారు! ఓనర్లు కూర్చుని ఉంటే ఆ గోడ ఇప్పటికీ సిమెంటు రంగులోనే ఉండేది.

మొన్నొక ఇంట్లో పెళ్లిరోజు. భర్త తరఫున యాప్ పువ్వులు పంపింది. భార్య మీటింగులో ఉంది కాబట్టి ఆమె తరఫున గేటు దగ్గర గార్డు తీసుకున్నాడు. తెచ్చినతను గార్డు చేతిలో గుత్తి పెట్టి, ‘హ్యాపీ యానివర్సరీ’ అని చెప్పి, ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు. గార్డు సిగ్గుపడ్డాడు. ఆ కాలనీలో ఆ రోజు పెళ్లిరోజు అనుభవించింది అతనొక్కడే.

ఇక పూజల సంగతి! భక్తుడు ఫోనులో ఉంటాడు. పూజారి కెమెరాలో ఉంటాడు. గోత్రం మెసేజీలో వస్తుంది. ప్రసాదం కొరియర్‌లో పోతుంది. స్వయంగా హాజరయ్యేది దేవుడొక్కడే. ఆయనకు ఇంకా ఎవరూ ఈ కాగితం సంగతి చెప్పినట్టు లేరు.

మరి ఇందరు ఇంత హాయిగా ఉంటే నేనేం పాపం చేశాను?

నా పేరు చెన్నకేశవులు. ఖాజాగూడ పాత ఊళ్లో మా ఇల్లు. కింద నేనూ నా భార్య గంగమ్మా ఉంటాం. పై వాటాలో కిరాయికి కిరణ్ పాల్, అతని భార్య జాయ్స్ ఉంటారు. గుంటూరు వైపు వాళ్లు. ఆ అమ్మాయి నర్సు, ఆ అబ్బాయి సాఫ్ట్‌వేరు. పెరట్లో ఒక బండ ఉంటుంది.

బండ అంటే చిన్నది అనుకునేరు. సిటీ బస్సులో సగం ఉంటుంది. పైన చాప పరిచినట్టు చదునుగా ఉంటుంది. దాన్ని ఎవరూ తెచ్చి పెట్టలేదు, ఇంటినే దాని పక్కకు తెచ్చి కట్టారు. గంగమ్మ దాని మీదే మిరపకాయలు ఎండబెడుతుంది. ఎండాకాలం సాయంత్రం నాలుగు చెంబుల నీళ్లు చల్లితే చల్లబడుతుంది, అక్కడే తింటాం. ఆమెకు నా మీద కోపం వస్తే ఎక్కి కూర్చునేదీ దాని మీదే. నేను కింద నిలబడతాను. ఆమె దిగేదాకా ఏమీ అనను. ముప్పై ఎనిమిదేళ్లుగా మా సంసారం ఇలాగే సర్దుకుంటోంది. మాకు పిల్లల్లేరు. బండ ఉంది.

మొదటి కాగితం ఎలా పుట్టిందో చెబుతాను. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. సారు హాజరు పిలిస్తే పిల్లలందరూ ‘ఉన్నాను సార్’ అని అరిచేవారు. నేను చెయ్యి ఎత్తేవాణ్ణి. సారు తల ఎత్తకపోతే గైర్హాజరు పడేది. పడిందని కూడా అనేవాణ్ణి కాదు.

అలాంటి నన్ను ముసలితనంలో ఆఫీసులు పట్టుకున్నాయి. కరెంటు మీటరు పేరు మార్చాలంటే రమ్మంటారు. నల్లా కనెక్షనుకు రమ్మంటారు. టోకెను తీసుకో, ఇక్కడ చూడు, వేలు పెట్టు, వేలు అరిగిపోయింది, ఇంకో వేలు పెట్టు. అన్నిటికన్నా ఘోరం, అన్ని చోట్లా ‘చెప్పండి’ అంటారు! ఏం చెప్పాలి?

నా పరేషాన్ చూసి తేజ జాలిపడ్డాడు. తేజ మా చెల్లెలి కొడుకు. మంచివాడు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో పెద్ద ఉద్యోగం. ఏ పనైనా మనం అడగక ముందే చేసేస్తాడు.

“మామా, నాకు పవర్ ఇచ్చెయ్. ఇగ నువ్వు ఎక్కడికి రావొద్దు, ఎవ్వలితోని మాట్లాడొద్దు” అన్నాడు.

మాట్లాడొద్దు! ఆ మాట నా చెవిలో తేనె పోసినట్టయింది. రిజిస్ట్రారు ఆఫీసుకు ఆఖరిసారి పోయి సంతకం పెట్టాను. ఆ కాగితంలో ఇరవై మూడు అధికారాలున్నాయి. ఇల్లు బాగు చేయించడం, కట్టించడం, పడగొట్టించడం అన్నీ ఉన్నాయి. పదిహేడోది నాకు బాగా నచ్చింది. నేను స్వయంగా హాజరై చేసినట్టే తేజ చేయవచ్చునట! బడిలో దొరకని సుఖం అరవై రెండో ఏట దొరికింది. నా హాజరు ఇంకొకడు పలుకుతాడు.

రెండో కాగితం అడ్వకేటు రోహిణి మేడమ్ దగ్గర రాయించాను. ఇంటి సంగతి, బ్యాంకు సంగతి, అన్నీ మామూలే. ఒక్క ముక్క మాత్రం నేను నోరు తెరిచి చెప్పి రాయించాను. గంగమ్మ ఉన్నంతకాలం పెరట్లోని బండను ఎవరూ ముట్టుకోకూడదు. అమలు చేసేవాడిగా కిరణ్ పాల్ పేరు పెట్టాను. కిరాయివాణ్ణి పెట్టడమేమిటని మీరు అడగవచ్చు. కిరాయి ఒప్పందం పదకొండు పేజీలూ సంతకానికి ముందు చదివిన మనిషిని నేను జీవితంలో ఒక్కణ్ణే చూశాను. ఫోనులో ‘ఒప్పుకుంటున్నాను’ అనే మీట నొక్కే ముందు కూడా అతను మొత్తం చదువుతాడు. జాయ్స్ అన్నం చల్లారిపోతోందని పిలుస్తూనే ఉంటుంది.

అలా నాకు ఇద్దరు మనుషులు ఏర్పడ్డారు. వాళ్లకు షిఫ్టులున్నాయి. నేను ఊపిరి పీలుస్తున్నంతసేపూ తేజ డ్యూటీ. నేను ఊపిరి ఆపిన క్షణాన తేజ కాగితం చిత్తు కాగితం, కిరణ్ పాల్ డ్యూటీ ఎక్కుతాడు. ఒకరి షిఫ్టులో ఇంకొకరు వేలు పెట్టడానికి లేదు.

దీనివల్ల నాకు కలిగిన గౌరవం అంతా ఇంతా కాదు! తేజ ఫోన్ చేసి ‘మామా, మందులేసుకున్నవా’ అంటాడు. వేసుకోవాలి మరి, నేను పోతే అతని పవర్ పోతుంది. కిరణ్ పాల్ మెట్లు దిగుతూ ‘ఒంట్లో ఎలా ఉందండి బాబాయ్ గారు’ అంటాడు. పాపం మర్యాదకే అంటాడు. కానీ మొన్న జాయ్స్ నా బీపీ చూసి ‘కొంచెం ఎక్కువుందండి’ అనగానే, అతను లేచి వెళ్లి లాప్‌టాప్ ఛార్జింగు పెట్టుకోవడం నేను గమనించాను.

ఇంత సుఖంలో ఉండగా గురువారం సాయంత్రం తేజ నుంచి మెసేజీ వచ్చింది.

‘మామా, శనివారం పదకొండు గంటలకు బ్రేకర్ మిషన్ వస్తది. పెరట్లో బండ కొట్టిస్తున్న. ఆ జాగల లిఫ్ట్ పెట్టిద్దం, కార్ పార్కింగ్ చేద్దం. సంతకాలన్నీ నేనే పెట్టిన. నువ్వు ఏం ఫికర్ చెయ్యకు.’

చదివాను. మళ్లీ చదివాను. తరవాత ఎప్పుడూ పంపేదే పంపాను. బొటనవేలు బొమ్మ.

నన్ను తిట్టకండి. పెళ్లికి రమ్మన్నా, చావుకు రమ్మన్నా, నల్లా రాలేదన్నా నేను పంపేది అదొక్కటే. మాట్లాడే పని లేకుండా ఎవరో పుణ్యాత్ముడు కనిపెట్టాడు. మా తాత చదువు రాక ఏదో కాగితం మీద వేలిముద్ర వేసి చెరువు పక్క మడి పోగొట్టుకున్నాడు. నేను చదువుకున్నవాణ్ణి. సిరా అంటకుండా అదే వేలు వేశాను!

వెంటనే మెట్లెక్కి కిరణ్ పాల్ దగ్గరికి పోయాను. వీలునామా నకలు తీసి బండ సంగతి ఉన్న చోట వేలు పెట్టి చూపించాను.

“అవునండి, ఈ క్లాజు నాకు నోటికొచ్చండి” అన్నాడు.

“ఆపు” అన్నాను.

“నేనెలా ఆపుతానండీ? మీరున్నారు కదా. మీరున్నంతసేపు ఈ కాగితం నిద్రపోతుంటదండి. దీన్ని పట్టుకుని నేను మీ పెరట్లోకి కూడా రాకూడదు.”

“తేజ?”

“ఆయనకు ఇప్పుడు ఫుల్ పవర్ ఉందండి. మీరు పోయాక ఉండదు.”

మెట్ల మీద కూర్చుని లెక్క వేసుకున్నాను. నేనుంటే బండ పోతుంది. నేను పోతే బండ ఉంటుంది. బండనూ నన్నూ ఒకేసారి ఉంచే కాగితం నా దగ్గర లేదు.

నా ముఖం చూసి కిరణ్ పాల్ కదిలిపోయాడు. నిజాయితీగల మనిషి. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

“బాబాయ్ గారు, మా ఆఫీసులో మూణ్ణెల్లకోసారి ఒక డ్రిల్ చేస్తామండి. మెయిన్ సర్వర్ బాగానే ఉంటది. కానీ చచ్చిపోయిందనుకుంటాం. అనుకుని, పాతవాళ్ల యాక్సెస్ మొత్తం తీసేసి, కొత్తవాళ్ల చేతికిస్తాం. రెండు గంటలు. నిజంగా చచ్చిపోయిన రోజున తడుముకోకుండా ఉండాలి కదండీ?”

“అనుకుంటే చాలా?”

“ఆడిటర్లే ఒప్పుకుంటారండి!”

చూశారా సైబరాబాద్ గొప్పతనం! నాకు పుట్టినరోజే సరిగా తెలియదు. అలాంటి నా చావుకు పది నిమిషాల్లో మీటింగు పడింది. ‘చెన్నకేశవులు బాబాయ్ గారి మరణం (డ్రిల్). శనివారం 10:30 నుంచి 12:30. స్థలం: పెరడు.’ అందరికీ ఆహ్వానాలు పోయాయి. జాయ్స్ వస్తానంది. తేజ ఫోను చదవకుండానే జవాబిచ్చింది. ఆ సమయానికి అతనికి ఇంకో మీటింగు ఉందట. కాబట్టి నా చావుకు ‘రావచ్చు, రాకపోవచ్చు’ అని పెట్టింది.

గంగమ్మకు ఫోను లేదు. నేనే చెప్పాల్సి వచ్చింది. శనివారం పొద్దున, పైన చెప్పిన ఆకాశం కింద, ఆమె వాకిలి ఊడుస్తుండగా చెప్పాను.

“ఇయ్యాల పదిన్నరకు సచ్చిపోతున్న.”

ఆమె చీపురు ఆపలేదు.

“పాల పాకెట్లు తెచ్చి సావు.”

తెచ్చాను. అప్పుడు సంగతంతా చెప్పాను. బండ మాట రాగానే చీపురు ఆగింది. చాలాసేపు బండ వైపే చూసింది.

“ఇంట్ల సావకు, మంచిగుండదు. సచ్చేదేదో దాని మీదికి పోయి సావు” అంది. మళ్లీ పిలిచి, “దిండు తీస్కపో. రాత్రి నుంచి మెడ నొప్పి అంటున్నవ్” అంది.

పదిన్నరకు కిరణ్ పాల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో ఆఫీసు బిళ్లతో వచ్చాడు. నేను బండ మీద వెల్లకిలా పడుకుని ముఖాన తువ్వాలు కప్పుకున్నాను.

“బాబాయ్ గారు, మీరు ఇప్పుడు డౌన్ అండి. పన్నెండున్నర దాకా మాట్లాడకూడదు.”

ఇంత తేలికైన ఉద్యోగం నాకు ఎవరూ ఇవ్వలేదు.

జాయ్స్ నైట్ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చింది. అలవాటు కొద్దీ నా మణికట్టు పట్టుకుంది. “డెబ్బై రెండు ఉందండి” అంది ఆందోళనగా.

“డ్రిల్‌లో అది లెక్కలోకి రాదు జాయ్స్. సున్నా రాయి.”

“నా ఎనిమిదేళ్ల సర్వీసులో డెబ్బై రెండును సున్నా అని రాయలేదండి. మీరే రాసుకోండి.”

తువ్వాలు కింద నుంచి నాకు కొంచెం ఆకాశం, కొంచెం గోడ కనిపిస్తున్నాయి. చచ్చినవాడికి అంతకన్నా ఎందుకు?

పది యాభైకే మిషను వచ్చింది. గోడ పక్క సందులోంచి గుర్రుమంటూ పెరట్లోకి దూరి, పొడుగాటి ఉక్కు ముక్కును బండ వైపు తిప్పి నిలబడింది. వెనకే తేజ కారు దిగాడు. చెవిలో మీటింగు ఇంకా నడుస్తూనే ఉంది.

“మామా, లే! బండ మీద పన్నవేంది? మిషన్ వచ్చింది.”

కిరణ్ పాల్ అడ్డం నిలబడ్డాడు. “ఆయన లేరండి.”

“లేకపోవుడేంది? కాలు ఊపుతున్నడు గద!”

నిజమే. ఆపాను.

“ఇరవై నిమిషాల కిందట పోయారండి. డ్రిల్. మీకు ఇన్‌వైట్ వచ్చింది. మీ పవర్ ఆఫ్ అటార్నీ పదిన్నరతో ముగిసింది. దయచేసి మిషను వెనక్కి పంపండి.”

తేజ చెవిలోంచి మీటింగు తీసేశాడు. అతను మీటింగు తీసేయడం మా ఇంట్లో అదే మొదటిసారి.

“బ్రో, నా దగ్గర రిజిస్టర్డ్ పేపర్ ఉంది. మామ ఓకే అన్నడు. ఇగో, బొటనవేలు!” అని ఫోను చూపించాడు.

“ఆ బొటనవేలు ఆయన బతికున్నప్పటిదండి.”

“ఇప్పుడు గూడ బతికే ఉన్నడు గద!”

“అది నేనూ మీరూ తేల్చేది కాదండి. షెడ్యూల్‌లో ఉంది.”

మిషను ఆపరేటరు ఇంజను ఆపి కిందికి దిగాడు. నుదురు తుడుచుకుని, అందరినీ ఒకసారి చూసి, సూటిగా అడిగాడు.

“మాలిక్ ఎవరు?”

తేజ నన్ను చూపించాడు. కిరణ్ పాల్ ఆకాశం చూపించాడు.

“జర జల్ది చెప్పుండ్రి. నాకు ఇంకో సైట్ ఉంది. గాయనకు పవర్ లేకుంటే నీకుందా? నువ్వు వద్దంటవా?”

ఇక్కడ కిరణ్ పాల్ నిజాయితీ మా కొంప ముంచింది! అబద్ధం ఆడి ‘వద్దు’ అంటే పోయేది. అతను ఫైలు తెరిచాడు.

“నాకు పవర్ రావాలంటే ముందు డెత్ సర్టిఫికెట్ ఉండాలండి. అది ఇంకా అప్లై చేయలేదు. ఆయన బతికున్నారు కాబట్టి ఇవ్వరు కూడా. అంటే... ప్రస్తుతానికి నాకు కూడా ఏ పవరూ లేదండి.”

పాఠకులారా, అర్థమైందా? బతికుంటే తేజ, పోతే కిరణ్ పాల్, ఇంత పకడ్బందీగా రాయించుకున్నానా! ఆ శనివారం పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా, నూట ఎనభై గజాల మా ఇంటి మీద ఈ లోకంలో ఎవరికీ అధికారం లేదు. తేజ షిఫ్టు అయిపోయింది. కిరణ్ పాల్ షిఫ్టు మొదలు కాలేదు. ఓనరు బండ మీద శవం.

“అయితే ఎవ్వలు మాలిక్ కాదు. ఎవ్వలు వద్దంటలేరు. తీసుకున్న పని చేసిపోత” అని ఆపరేటరు సీటెక్కాడు.

ఇంజను మొదలైంది. ఉక్కు ముక్కు లేచింది. నా కాళ్ల వైపు, బండ అంచున ఒక్క పోటు పడింది. ఠక్! నా వెన్నులోకి వచ్చింది ఆ దెబ్బ. పిడికెడంత పెచ్చు లేచి తులసికోట పక్కన పడింది. నేను ఏమీ అనలేదు. చచ్చినందుకు కాదు. అంతకు ముందు కూడా నేనింతే.

“ఆపండీ! మనిషున్నాడు!” అని జాయ్స్ అరిచింది. ఆపరేటరు ఆపి, “శవం ఉన్నదన్నరు గద” అన్నాడు.

కిరణ్ పాల్ రోహిణి మేడమ్‌కు ఫోను చేసి స్పీకరులో పెట్టాడు. జరిగిందంతా వరుసగా, టైములతో సహా చెప్పాడు. మేడమ్ అంతా విని అడిగింది.

“పెద్దమనిషి ఇప్పుడు ఎక్కడున్నరు?”

“పోయి, బండ మీద పడుకున్నారండి.”

“ఊపిరుందా?”

“ఉందండి, కానీ డ్రిల్ ప్రకారం...”

“డ్రిల్‌ను పక్కన పెట్టుండ్రి! జర ఆయనను లేపుండ్రి. తేజకు పవర్ ఇచ్చిండంటే తన నోరు కోసి ఇచ్చినట్టా? ఇచ్చిన తర్వాత గూడ ఓనర్ ఆయనే. వద్దంటే వద్దు, అయిపాయె. రద్దు కాగితం సోమవారం రాసుకుందం. మాట మాత్రం ఇయ్యాల్నే చెప్పమనుండ్రి.”

ఫోను పెట్టేసింది. అందరూ నా వైపు చూస్తున్నారని తువ్వాలు కింద నుంచే తెలుస్తోంది.

కిరణ్ పాల్ గడియారం చూశాడు. “పదకొండు పదిహేడు అండి. రూలు ప్రకారం ఇంకా డెబ్బై మూడు నిమిషాలు మాట్లాడకూడదు” అన్నాడు నెమ్మదిగా. జాయ్స్ అతని మోచేతి మీద గిల్లింది.

అప్పుడు గంగమ్మ వచ్చింది. మోకాళ్లు పట్టుకుని బండ ఎక్కింది. నా పక్కన కూర్చుని ముఖం మీది తువ్వాలు తీసింది.

“ముప్పై ఎనిమిదేండ్లు అయిపాయె. కూరల ఉప్పెక్కువైనా అనవు, తక్కువైనా అనవు. కిరాయిదారు వచ్చి గోడకు మేకు కొట్టినా అనవు. నేనే అన్నీ అనుకుంట వచ్చిన. ఇది నేను అనేది కాదు. కాగితాల మీద నీ పేరే ఉన్నది.” తువ్వాలు మడిచింది. “ఒక్కసారి అనయ్యా.”

లేచి కూర్చున్నాను. ఎప్పుడూ వాడని తలుపు తీస్తే వచ్చినట్టు గొంతులోంచి ముందు గాలి వచ్చింది. తరవాత మాట వచ్చింది.

“వద్దు.”

అంతే! రెండక్షరాలు. ఆపరేటరు తల ఊపి ఇంజను ఆపేశాడు. రిజిస్ట్రారు లేడు, స్టాంపు లేదు, సాక్షుల సంతకాలు లేవు. ఇరవై మూడు అధికారాల కాగితం తేజ చేతిలో అలాగే వేలాడుతోంది.

తేజ ముఖం చిన్నబోయింది. “ఈ ముక్క గురువారమే అనొచ్చు గద మామా. అత్తకు మోకాళ్లు నొస్తున్నయని, మేడ మెట్లు ఎక్కుడు తప్పుతదని లిఫ్ట్ పెడదామనుకున్న. నేనేమన్న పరాయోన్నా?”

“నాకు లిఫ్ట్ కావాలన్ననా? నన్నడిగినవా బిడ్డా?” అంది గంగమ్మ.

“మీరు వద్దన్నరా అత్తా? ఒక్కనాడన్న ఒక్క మాట అన్నరా, మీ ఇద్దరు?”

గంగమ్మ నన్ను చూసింది. నేను బండను చూశాను.

నిజం ఇప్పుడు చెబుతాను. తేజ మంచివాడు కాబట్టి నన్ను అడగలేదు. నేను మంచివాణ్ణి కాబట్టి అతనికి చెప్పలేదు. కిరణ్ పాల్ మంచివాడు కాబట్టి నన్ను చంపాడు. ఇంతమంది మంచివాళ్లు కలిసి ఒక్క మాట ఖర్చు పెట్టుకోలేక ఉక్కు ముక్కు ఉన్న మిషను తెచ్చుకున్నాం! మా ఊళ్లో, మీ కాలనీలో మనిషి బదులు మాట్లాడటానికి ఎన్నో కాగితాలున్నాయి. ఆ మనిషినే ‘ఏం కావాలి’ అని అడగడానికి ఒక్క కాగితమైనా ఉందా? ఉంటే నమూనా పంపండి. సంతకం పెడతాను. బొటనవేలు మాత్రం పంపను.

కిరణ్ పాల్ ఒక మూల కూర్చుని డ్రిల్ రిపోర్టు రాశాడు. ‘ఫలితం: విఫలం. కారణం: మృతుడు 11:18కి మాట్లాడారు. తిరిగి ఎప్పుడు నిర్వహించాలి: తెలియదు.’ నాకు చూపించి సరేనా అన్నాడు. సరే అన్నాను. నోటితో.

చావుకు జనం వస్తారని పొద్దున్నే గంగమ్మ పదిమందికి సరిపడా వండి పెట్టింది. బండ కడిగి పళ్లేలు పెట్టింది. ఆపరేటరు ఇంకో సైటుకు పోవాలన్నాడు. ఆమె కూర్చోమంది. కూర్చున్నాడు. లేచిన పెచ్చును తేజ తులసికోట పక్క నుంచి తెచ్చి, ఊడిన చోట పెట్టి చూశాడు. అతకలేదు. అలాగే చేతిలో పట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

అన్నం, పప్పుచారు, వంకాయ కూర. ఆకాశం ఇంకా అలాగే ఉంది, తేల్చుకోలేదు. తేజ ఫోను ఒకసారి మోగితే దాన్ని పెచ్చు కింద పెట్టాడు.

మొదటి ముద్దకే తెలిసింది. పప్పుచారులో ఉప్పు ఎక్కువైంది. కిరణ్ పాల్ నీళ్లు తాగాడు. జాయ్స్ అన్నం ఎక్కువ కలుపుకుంది. ఆపరేటరు కళ్లు తుడుచుకున్నాడు. తేజ నా వైపు చూశాడు. గంగమ్మ కూడా నా వైపు చూసింది, గరిటె పట్టుకుని.

నేను పళ్లెం ముందుకు జరిపాను. ఆమె ఇంకో గరిటె వేసింది.